పొద్దుటి వణుకు

మా వీధి చివరి మలుపులో కింద షెడ్డు, పైన ఇల్లు ఉన్న భవనం చెవుల మేస్త్రిది. ఆయన అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా కనపడదు. చెవులు పెద్దవని పెట్టిన పేరు కాదది. వీధి మొదట్లో కారు మలుపు తిరుగుతుండగానే, చేతిలో పని మీంచి తలెత్తకుండా, "బెల్టు జారుతోంది," అనో, "వెనక ఎడమ చక్రం బేరింగ్ పోయింది," అనో చెప్పేసేవాడు. కారు వచ్చి ఆగేలోపు దానికి కావలసిన పానా బల్ల మీద సిద్ధంగా ఉండేది. నలభై ఏళ్లు ఆ ఇంటికి అన్నం పెట్టింది ఆ రెండు చెవులే.

అరవై దాటాక అవి మొరాయించాయి. ఒక్కసారిగా కాదు. బరువైన చప్పుళ్లన్నీ బాగానే వినపడేవి. ఇంజన్ దడదడ, తలుపు దభీమనడం, లారీ హారన్, వీటిలో ఏ లోటూ లేదు. పోయినవన్నీ సన్నవి. ముందు ఫోను మోగడం పోయింది, తర్వాత కుక్కర్ ఈల. ఒకరోజు పొద్దున కిటికీ దగ్గర నిలబడి, "ఈ మధ్య పిట్టలు రావడం మానేశాయి," అన్నాడు. భార్య కిటికీలోంచి బయటికి చూసింది. గోడ మీద నాలుగు పిచ్చుకలు నానా గొడవ చేస్తున్నాయి. ఆవిడ మొగుడి మొహం వైపు చూసి, ఏదో అని, మళ్లీ తన కుట్టుమిషన్ దగ్గరికి వెళ్లిపోయింది.

ఆవిడ దర్జీ. పై ఇంట్లో ముందు గది ఆవిడది. గోడకి ఆనించి రెండు మిషన్లు, కిటికీ కింద ఇస్త్రీ బల్ల, దాని మీద నీళ్లు చల్లే సీసా, ఏ మూల చూసినా బడిపిల్లల యూనిఫారాల కట్టలు. ఆయన పని కింద, ఆవిడ పని పైన. ఒకరి పనిలో ఒకరు వేలు పెట్టకపోవడమే తమ కాపురం రహస్యమని ఇద్దరూ చెప్పేవాళ్లు.

చెవుల సంగతి మేస్త్రి ఎవరికీ చెప్పలేదు. తనకి తాను కూడా చెప్పుకోలేదు. "ఈ కాలం మనుషులు మాటలు నమిలి మింగుతున్నారు," అనేవాడు. బండి తెచ్చినవాళ్లని ముందే నాలుగు ప్రశ్నలు అడిగి, వాళ్ల జవాబుల్లోంచి రోగం ఊహించడం మొదలుపెట్టాడు. అనుభవం ఉన్న మనిషి కాబట్టి పదింట ఎనిమిది ఊహలు తగిలేవి. తగలని రెండింటినీ బండి పాతదనం మీదికి నెట్టేసేవాడు.

అలాంటి రోజుల్లో పశువుల డాక్టరమ్మ ఆయన షెడ్డుకి వచ్చింది. ముప్పై అయిదేళ్లుంటాయి. మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు, వెనక సీటు నిండా మందుల పెట్టెలు. కారు వయసు ఇరవై రెండేళ్లు. అంతకుముందే రెండు షెడ్లు దాని మీద చేతులు దులుపుకున్నాయి.

"పొద్దున్నే స్టార్ట్ చేస్తే జ్వరమొచ్చిన మనిషిలా వణుకుతుందండీ," అంది డాక్టరమ్మ. "స్టీరింగ్ పట్టుకుంటే నా పళ్లు టకటకలాడతాయి. ఎక్కడైనా ఆపితే పూర్తిగా ఆగిపోతుంది. నాలుగైదు నిమిషాలు వేడెక్కనిస్తే చాలు, ఏమీ ఎరగని నంగనాచిలా నడుస్తుంది. ఇదిగో, మీ దగ్గరికొచ్చేసరికి ఎంత బుద్ధిగా ఉందో చూడండి!"

నిజమే. మధ్యాహ్నం పన్నెండింటికి ఆ ఇంజన్ నిద్రపోతున్న పసిపాపలా ఉంది. మేస్త్రి బానెట్ ఎత్తి, తల వంచి, అలవాటు ప్రకారం చెవి దగ్గరగా పెట్టాడు. ఆయనకి వినపడాల్సినదేదీ అందులో లేదు. ఉన్నా వినపడేది కాదు.

"ప్లగ్గులు," అన్నాడు.

"ఇప్పటికి రెండుసార్లు మార్చారండీ."

"మంచివి వేసుండరు."

ప్లగ్గులు మార్చాడు. మర్నాడు పొద్దున ఫోనొచ్చింది. భార్య తీసి, మెట్ల మీంచి కిందకి గట్టిగా చెప్పింది, వణుకు అలాగే ఉందని. కారు మళ్లీ వచ్చింది. ఈసారి ఇంజన్‌కి గాలి వెళ్లే దారంతా విప్పి, పేరుకున్న మసి కడిగి, బిగించాడు. మర్నాడు మళ్లీ ఫోను, మళ్లీ వణుకు.

మూడోసారి డాక్టరమ్మ కోపంగా రాలేదు. కోపంగా వచ్చినా ఆయనకి అంత బాధ ఉండేది కాదు.

"మీ తప్పేం లేదు మేస్త్రి గారూ. కంప్యూటర్ తగిలించి చూసినవాళ్లకే దొరకలేదు. బండి అమ్మేద్దామనుకుంటున్నా," అంది. "ఇవాళ పొద్దున ఒక ఆవు ఈనలేక అవస్థ పడుతోందని ఫోనొచ్చింది. దారిలో రెండుసార్లు ఆగిపోయింది బండి. నేను వెళ్లేసరికి దూడ దక్కలేదు. ఇంక దీన్ని నమ్మలేనండీ."

ఆ మాటలు ఆయనకి ఒక్క అక్షరం పోకుండా వినపడ్డాయి. చేతిలో గుడ్డతో ఒక్కో వేలూ తుడుచుకున్నాడు. తర్వాత గుడ్డ బల్ల మీద పెట్టేసి అన్నాడు.

"మూడు పొద్దులు ఇవ్వండి నాకు. మూడు రోజులు కాదు, మూడు పొద్దులు. రోగం పొద్దున ఉంటే నేను మధ్యాహ్నం నాడి పట్టుకుని చూస్తున్నా. అదీ నేను చేస్తున్న తెలివితక్కువ పని. బండి ఇక్కడే పడుకోవాలి, ఇక్కడే చల్లబడాలి, ఇక్కడే వణకాలి. తాడో పేడో తేల్చేస్తాను."

డాక్టరమ్మ ఆయన మొహంలోకి చూసి, తాళాలు బల్ల మీద పెట్టింది. ఆ మూడు రోజులూ ఆసుపత్రి జీపులో తిరుగుతానంది.

మొదటి పొద్దు. ఆరు కాకముందే మేస్త్రి షెడ్డు తలుపు ఎత్తాడు. చలికి ఇనుము ముట్టుకుంటే వేళ్లు జివ్వుమంటున్నాయి. గోడ గడియారం ఎదురుగా నిలబడి, ఒక పాత నోటు పుస్తకం, మీటరు దగ్గర పెట్టుకున్నాడు. ఇంజన్ ఎంత చల్లగా ఉందో కొలిచి చెప్పే సెన్సరు అబద్ధమాడుతోందేమోనని ముందు దాన్ని చూశాడు. నిజమే చెబుతోంది. పెట్రోలు ఒత్తిడి చూశాడు. రాత్రంతా ఎక్కడా జారిపోలేదు. అప్పుడు తాళం తిప్పాడు.

మొత్తానికి ఆ వణుకు ఆయన కళ్లబడింది. బానెట్ కొస దడదడలాడుతోంది, బల్ల మీద బోల్టులు కూడా ఒకదానికొకటి తగిలి గలగలమంటున్నాయి. ఇంజన్ మీద అరచెయ్యి ఆనించి, ఒక్కో సిలిండర్‌కి పెట్రోలు పంపే ఇంజెక్టర్ వైరు ఒకదాని తర్వాత ఒకటి ఊడదీసి మళ్లీ పెట్టసాగాడు. మొదటిది తీస్తే ఇంజన్ ఇంకా కుంగింది. రెండోదీ అంతే. మూడోది తీస్తే ఏ తేడా లేదు. నాలుగోది తీస్తే ఆగిపోబోయింది. అంటే మూడో సిలిండర్ అసలు పనే చెయ్యడం లేదు. అయిదు నిమిషాలు గడిచి వణుకు తగ్గాక మళ్లీ మూడో వైరు తీశాడు. ఈసారి ఇంజన్ కుంగింది. చల్లగా ఉన్నప్పుడు నిద్రపోతున్న సిలిండర్, వేడెక్కాక లేచి కూర్చుంటోందన్నమాట.

ఆ మాట పైకెళ్లి భార్యకి చెప్పాడు. ఆవిడ దారం పళ్లతో తెంపుతూ, "పట్టిన కుందేటికి మూడే కాళ్లని ఇన్నాళ్లూ వాదించారుగా. ఇదిగో, నిజంగానే మూడు కాళ్లది దొరికింది," అంది.

ఆ రోజే మూడోదాని ప్లగ్గు, దానికి కరెంటిచ్చే కాయిలు, ఇంజెక్టరు తీసి మొదటిదాంట్లో పెట్టాడు. మొదటిదానివి మూడోదాంట్లో పెట్టాడు. తప్పు వాటిదైతే వణుకు వాటితోపాటు మొదటి సిలిండర్‌కి నడిచి వెళ్లాలి. కానీ చూడాలంటే మళ్లీ తెల్లారాల్సిందే. ఒక్కసారి స్టార్ట్ చేస్తే ఆ రోజుకి చలి పోయినట్టే. సాయంత్రం దాకా తాళం వైపు చెయ్యి లాగుతూనే ఉంది. దాన్ని సొరుగులో పడేసి, ఆ సొరుగు మీద బ్యాటరీ పెట్టాడు.

రెండో పొద్దు. తప్పు మూడో సిలిండర్లోనే ఉంది. సామాన్లు మారినా చోటు మారలేదు. అంటే తప్పు సామాన్లది కాదు, ఆ చోటుది. లోపలి ఒత్తిడి సరిగ్గా ఉందో లేదో స్టార్ట్ చెయ్యకముందే కొలిచి ఉంచాడు. నాలుగూ సమానం. ఇక మిగిలింది గాలి. గాలిని నాలుగు సిలిండర్లకీ పంచే గొట్టాల గుత్తి, మానిఫోల్డ్, ఎక్కడైనా లీకైతే సన్నగా బుసకొడుతుంది. దానికి ఆయన దగ్గర పాత ఆయుధం ఒకటుంది, మూరెడు రబ్బరు గొట్టం. ఒక కొస చెవిలో, రెండో కొస ఇంజన్ చుట్టూ. అలా ఎన్ని వందల లీకులు పట్టాడో లెక్కే లేదు. ఇప్పుడు కూడా గొట్టం చెవిలో పెట్టి మానిఫోల్డ్ అంతా తడిమాడు. దడదడ తప్ప ఏమీ లేదు.

"గాలి లీకు లేదు," అని పుస్తకంలో రాశాడు. రాశాక చాలాసేపు ఆ పేజీ వైపే చూస్తూ కూర్చున్నాడు. దారులన్నీ మూసుకుపోయాయి. మిగిలింది ఇంజన్ తల మొత్తం విప్పడమే. అది వారం రోజుల పని. విప్పితే ఏదో ఒకటి దొరుకుతుందని కాదు, ఇంక వెతకడానికి చోటు లేదని. సరే, రేపు ఇంకొక్కసారి చూసి విప్పేద్దామనుకున్నాడు.

మూడో పొద్దున తాళం తిప్పేసరికి భార్య టీ గ్లాసుతో మెట్లు దిగి వచ్చింది. మామూలుగా ఆ వేళకి మిషన్ దగ్గర ఉంటుంది. రెండు రోజులుగా మొగుడు అన్నం కెలుకుతున్నాడే తప్ప తినడం లేదని చూసి వచ్చింది. గ్లాసు బల్ల మీద పెట్టబోతూ ఆగింది.

"ఏమిటండీ ఆ బుస్సు?"

"ఏ బుస్సు?"

"అదేనండీ, పాము బుసకొట్టినట్టు. ఇస్స్ మంటోందిగా."

"ఎక్కడ?"

"ఎక్కడేమిటి, మీ ముందరే. ఇంజన్లో."

మేస్త్రి ఇంజన్ వైపు చూశాడు. ఆవిడ వైపు చూశాడు. ఎప్పటిలా "ఆ, వినపడుతోందిలే," అని తప్పించుకోవచ్చు. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది కూడా. గోడ మీద గడియారం మాత్రం ఆగడం లేదు. ఇంకో మూడు నిమిషాల్లో ఇంజన్ వేడెక్కిపోతుంది, ఈ పొద్దు కూడా చేజారిపోతుంది.

రబ్బరు గొట్టం తీసి ఆవిడ చేతిలో పెట్టాడు.

"ఈ కొస చెవికి పెట్టుకో. ఆ కొస ఈ గొట్టాల మొదట్లో నెమ్మదిగా జరుపు. అటు బెల్టు తిరుగుతోంది, చెయ్యి పోనివ్వకు."

ఆవిడ గొట్టం చెవికి పెట్టుకుని, వంగి, కళ్లు మూసుకుంది.

"ఇక్కడ లేదు. ఇక్కడా లేదు. ఆగండి. కిందికి, ఇంకా కిందికి. అమ్మో! చెవి గింగురుమంది!"

మేస్త్రి ఆ కొస ఎక్కడుందో చూశాడు. మూడో గొట్టం, అడుగు భాగం. కంటికి కనపడని చోటు, చెయ్యి మాత్రమే దూరే సందు.

"సన్నబడుతోందండీ," అంది ఆవిడ కళ్లు తెరవకుండానే. "ఇంకా సన్నగా... ఆగిపోయింది."

సరిగ్గా అప్పుడే ఆయన అరచేతి కింద ఇంజన్ కుదుటపడింది. స్టార్ట్ చేసి నాలుగు నిమిషాల ఇరవై సెకన్లు. ఇంజన్ ఆపేశాడు. టీ చల్లారిపోయింది.

"నీకు తెలుసా?" అన్నాడు చివరికి.

"పిట్టలు రావట్లేదన్నారు చూడండి, ఆ రోజే తెలిసింది."

"మరి చెప్పలేదేం?"

"చెప్పాను. మూడుసార్లు చెప్పాను. మీకు వినపడలేదు."

ఆయన మొహం ఎర్రబడింది. తర్వాత గడ్డం కింద ఏదో కదిలి, నవ్వు బయటపడింది. ఆవిడకీ నవ్వాగలేదు. నవ్వయ్యాక ఆయన స్టూలు మీద కూలబడి రెండు చేతులతో మొహం తుడుచుకున్నాడు. ఆవిడ ఆ తడి చూడనట్టే ఉంది.

"అంత సన్న చప్పుడు నీకెలా దొరికింది?"

"నలభై ఏళ్లుగా మిషన్ తొక్కుతున్నా. సూది మొన వంగితే గుడ్డ మీద కనపడకముందే నా చెవికి తెలుస్తుంది. నీకు తెలుసా అని మీరెప్పుడూ అడగలేదు, నేనెప్పుడూ చెప్పలేదు."

వేరొకరైతే ఆ క్షణానే పానా అందుకునేవాడు. ఈయన అందుకోలేదు. ఇన్నాళ్లూ ఒక చెవిని గుడ్డిగా నమ్మి మోసపోయాడు. ఇప్పుడు ఇంకో చెవిని గుడ్డిగా నమ్మితే పాత కథే. డాక్టరమ్మకి భార్య చేత ఫోన్ చేయించి ఇంకొక్క పొద్దు అడిగాడు. నాలుగో పొద్దున ఇస్త్రీ బల్ల మీది నీళ్ల సీసా కిందికి దిగింది. ఇంజన్ వణుకుతుండగా మూడో గొట్టం అడుగున సన్నగా నీళ్లు చల్లాడు. ఒక్క క్షణం బుస్సు ఆగిందని ఆవిడ చెయ్యి ఎత్తింది. అదే క్షణంలో ఆయన అరచేతి కింద వణుకు ఆగింది. నీళ్లు లోపలికి పీల్చుకుపోగానే రెండూ మళ్లీ మొదలయ్యాయి. అయిదుసార్లు చల్లాడు. అయిదుసార్లూ అదే జరిగింది. పక్కన రెండో గొట్టం మీద చల్లితే ఏమీ కాలేదు.

"ఇంక విప్పొచ్చు," అన్నాడు.

మానిఫోల్డ్ ఊడదీస్తే, దానికీ ఇంజన్‌కీ మధ్య ఉండే ప్యాకింగ్ ఎండిన తోలులా పెళుసెక్కి చేతికి వచ్చింది. మూడో రంధ్రం అడుగున వెంట్రుకంత చీలిక. కొండని తవ్వి ఎలుకని పట్టడమంటే ఇదే. చలికి ఇనుము ముడుచుకుంటే ఆ చీలిక నోరు తెరుస్తుంది. అందులోంచి దొంగగాలి దూరి, ఆ ఒక్క సిలిండర్లో పెట్రోలు పలచబడి అంటుకోదు. వేడెక్కితే ఇనుము సాగి, చీలిక నోరు మూసుకుంటుంది. అందుకే మధ్యాహ్నం వేళ చూసినవాళ్లెవరికీ అది దొరకలేదు.

అంత పాత బండికి ప్యాకింగ్ దొరకలేదు. తెప్పించాలంటే నెల పడుతుందన్నారు. మేస్త్రి ప్యాకింగ్ షీటు కొనుక్కొచ్చి, దాని మీద మానిఫోల్డ్ బోర్లించి, పెన్సిల్ తీశాడు. భార్య కాసేపు చూసి, పెన్సిల్ లాక్కుంది.

"మీరు కోస్తే అంచు ఎలక కొరికినట్టుంటుంది. జరగండి."

గుడ్డలు కోసే కత్తెర ఈ పనికి తేలేదు. దాంతో కాగితం కోసినా దాని ప్రాణం పోయినట్టేనంటుంది ఆవిడ. పాత కత్తెర తెచ్చి, నాలుగు రంధ్రాలూ, బోల్టు కన్నాలూ ఒక్క గీత అటూ ఇటూ పోకుండా కోసింది. ఆయన ఈలోపు ఇనుప అంచుల మీద పాత మురికి బ్లేడుతో గీకి, స్కేలు ఆనించి వంకర లేదని చూసుకున్నాడు. బోల్టులు మధ్యలోంచి మొదలుపెట్టి బయటికి, మూడు విడతలుగా బిగించాడు.

మర్నాడు అయిదున్నరకి డాక్టరమ్మ వచ్చింది. తాళం ఆవిడ చేతికే ఇచ్చాడు. ఇంజన్ ఒక్కసారి గట్టిగా లేచి, మెల్లగా దిగి, స్థిరపడింది. డాక్టరమ్మ స్టీరింగ్ మీద రెండు చేతులూ పెట్టి, పిడుగు పడుతుందేమోనన్నట్టు భుజాలు బిగించుకుని కూర్చుంది. ఒక నిమిషం, రెండు, అయిదు.

"వణకట్లేదే!" అంది. "ఎలా పట్టారు మేస్త్రి గారూ?"

"నేను పట్టలేదమ్మా, ఈవిడ పట్టింది," అన్నాడు. భార్యని చూపించాడు. "నాకు చెవులు పోయాయి. సన్న చప్పుళ్లు వినపడవు. ఎప్పుడో పోయాయి, నేనే ఒప్పుకోలేదు. మీరు మొదటిసారి వచ్చిన రోజే ఆ ముక్క చెప్పి ఉంటే, ఆ దూడ..."

డాక్టరమ్మ ఇంజన్ ఆపింది. "దూడ లోపల అడ్డం తిరిగింది. నేను అరగంట ముందు వెళ్లినా దక్కేదో లేదో తెలీదండీ."

"దక్కేదేమో."

"దక్కేదేమో," అని ఒప్పుకుంది ఆవిడ. ఆయన్ని ఓదార్చడానికి అబద్ధం చెప్పలేదు. అందుకు మేస్త్రి తర్వాత చాలాసార్లు ఆవిడని మెచ్చుకున్నాడు. వెళ్లేముందు అద్దం దించి, "చెవులకి డాక్టరున్నాడు, వెళ్లండి. నేనే చూద్దును గానీ, నా దగ్గరికొచ్చేవాళ్లని నలుగురు పట్టుకోవాలి. పిన్నిగారు ఒక్కరే ఉన్నారు," అంది.

వారం తిరక్కుండా వెళ్లాడు. అద్దాల గదిలో కూర్చోబెట్టి, చెవులకి తొడుగులు పెట్టి, చప్పుడు వినపడితే బొత్తాం నొక్కమన్నారు. సగంసేపు నొక్కడానికేమీ లేక చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. చెవి మిషన్ ఇచ్చారు. మొదటి రోజు లోకమంతా రేకు డబ్బా ఈడ్చినట్టు వినపడింది. తీసి విసిరికొట్టాలనిపించింది. దానికీ పుస్తకంలో ఒక పేజీ తెరిచాడు. ఇవాళ గంట, రేపు గంటంపావు. ఇంజన్ని దారికి తెచ్చినట్టే తన చెవుల్ని దారికి తెచ్చాడు. మాటలు తెలిశాయి, ఫోను తెలిసింది. ఇంజన్ హోరులో సన్న బుస్సు మాత్రం ఆ మిషన్‌తో కూడా అందలేదు. ఆ సంగతి ఇప్పుడు దాచడు. పొద్దుటి రోగాల బండి ఎవరు తెచ్చినా, "ముందురోజే వదిలి వెళ్లండి. తెల్లారాక ఇద్దరం చూస్తాం," అంటాడు.

రెండేళ్లలో అలా పదకొండు బండ్లు చూశారు. పైన మిషన్ తిరిగేముందు అరగంట ఆవిడ కిందే ఉంటుంది. చేతి పనీ చూపు పనీ ఆయనవి, చెవి పని ఆవిడది. పోట్లాటలకి మాత్రం కొదవ లేదు. మొన్నొక తెల్ల కారు దగ్గర లోపల ఏదో టిక్కు టిక్కుమంటోంది, అదే రోగమని ఆవిడ పట్టుబట్టింది. అది ఇంజెక్టర్ మామూలు చప్పుడు, ఆరోగ్యంగా ఉన్న బండి కూడా అలాగే అంటుందని ఆయన వాదించాడు. చివరికి ఆయన మాటే నిజమైంది. అది ఒప్పుకోవడానికి ఆవిడకి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ మేస్త్రి ఈలేసుకుంటూ పని చేశాడు. శ్రుతి ఏమాత్రం కుదరలేదని వీధంతా చెప్పుకుంది.